కొండలెక్కేవారి నడికట్టు – పుట్టుపూర్వోత్తరాలు

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

పెద్ద పనికి పూనుకున్న మనిషిని మనవాళ్లు "నడుం బిగించాడు" అంటారు. కొండలెక్కేవారి విషయంలో ఇది అక్షరాలా నిజం. ఐరోపాలో పర్వతారోహణ ఒక అభిరుచిగా మొదలైన నాటి నుంచి సుమారు వందేళ్లపాటు, ఆరోహకుడి ప్రాణానికి ఉన్న పూచీ ఏమిటయ్యా అంటే, నడుముకు చుట్టి ముడివేసుకున్న ఒక తాడు. అంతే. ఆ తాడు పోయి, ఈనాడు మనం ఫోటోల్లో చూసే హార్నెస్ ఎలా వచ్చిందో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఇందులో భౌతికశాస్త్రం కొంచెం, శరీరశాస్త్రం కొంచెం, కుట్టుపని చాలా ఉన్నాయి. ఆర్ట్స్ మిత్రులు బెదరనక్కరలేదు, లెక్కలు ఒకటి రెండుకు మించవు.

హార్నెస్ అనే ఇంగ్లీషు మాటకు, బండి లాగే గుర్రానికి తొడిగే పట్టెడ సామాను అని అర్థం ఉన్నది. రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఆ అర్థమే ముందు తోచింది. కాడి సరిగా కుదరకపోతే ఎద్దు మెడమీద పుండు పడుతుంది. ఎద్దుకు బలం చాలక పడే పుండు కాదది, బరువు పడరాని చోట పడటం వల్ల వచ్చేది. పడిపోయే మనిషి బరువు అతని శరీరంలో ఏ చోట పడాలి? హార్నెస్ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. అయితే ఆ ప్రశ్న వేసుకోవడానికే చాలా కాలం పట్టింది. ఎందుకంటే అంతకు ముందు తీరవలసిన చిక్కు మరొకటి ఉండేది: తాడు తెగకుండా ఉండటం.

1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే ఇంగ్లీషు యువకుడి బృందం ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొట్టమొదటిసారి ఎక్కింది. ఏడుగురు. దిగేటప్పుడు అందరూ ఒకే వరుసలో తాళ్లతో కట్టుకుని ఉన్నారు. హాడో అనే కుర్రవాడు కాలు జారి, ముందున్న క్రోజ్ మీద పడ్డాడు. వారిద్దరి బరువుకు వెనకనున్న హడ్సన్, డగ్లస్ కూడా లాగబడ్డారు. డగ్లస్‌కూ వెనకవాడికీ మధ్యనున్న తాడు పుటుక్కున తెగింది. నలుగురు సుమారు నాలుగువేల అడుగుల కిందకు పోయారు. వింపర్, టౌగ్వాల్డర్ తండ్రీకొడుకులు మిగిలారు. తెగిన ఆ తాడు ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉన్నది. తెగకపోయి ఉంటే ఏడుగురూ పోయేవారేమో. ఆ రోజుల్లో తాడు ఒకరిని కాపాడుతుందా, అందరినీ లాగేస్తుందా అన్నది ఎవరికీ నమ్మకంగా తెలియదు.

ఆనాటి తాళ్లు నార తాళ్లు. మన పల్లెల్లో గోగునారతోనో జనుముతోనో పేనే మోకుల వంటివే. మొక్క వేరు, గుణం ఒకటే. నారతాడు సాగదు. మెల్లగా లాగే బరువును ఎంతైనా మోస్తుంది, ఒక్కసారిగా వచ్చే దెబ్బకు మాత్రం తెగుతుంది. బావిలో బొక్కెన జారవిడిచి, తాడు హఠాత్తుగా బిగిసినప్పుడు చేతులకు తగిలే కుదుపు తెలిసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ఆ కాలపు ఆరోహకులకు ఒకటే సూత్రం ఉండేది: ముందు ఎక్కేవాడు పడనే కూడదు. వెనక వచ్చేవాడికి తాడు పైనుంచి ఉంటుంది గనుక అతను జారినా వేలాడతాడు. ముందు పోయేవాడి తాడు మాత్రం ఎప్పుడూ అతనికి కిందనే ఉంటుంది. కింద ఆధారానికి రెండున్నర మీటర్లు పైకిపోయి జారితే, ఆ ఆధారం దాటి మరో రెండున్నర మీటర్లు, మొత్తం ఐదు మీటర్లు పడతాడు.

ఇక్కడ చిన్న లెక్క. ఐదు మీటర్లు పడేసరికి మనిషి వేగం సెకనుకు దాదాపు పది మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు. ఆ వేగాన్ని ఆపటానికి కావలసిన సగటు బలం, ఎంత దూరంలో ఆపుతున్నాం అన్నదానిమీద ఆధారపడుతుంది. పడిన దూరాన్ని ఆగే దూరంతో భాగించి ఒకటి కలిపితే, ఆ బలం అతని బరువుకు ఎన్ని రెట్లో తెలుస్తుంది. తాడు ఏమాత్రం సాగక ఐదు సెంటీమీటర్లలో ఆగాడనుకోండి, నూటొక్క రెట్లు. 80 కిలోల మనిషికి ఎనిమిది టన్నుల పైచిలుకు! తాడు తెగుతుంది, లేదా నడుం విరుగుతుంది. అదే, తాడు సాగి మీటరు దూరంలో మెల్లగా ఆపిందనుకోండి, ఆరు రెట్లు. సుమారు 480 కిలోలు. బతకవచ్చును.

"సాగే తాడు" అన్న ఈ కోరిక 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో తీరింది. అక్కడ వాలెస్ కరోథర్స్ అనే రసాయనశాస్త్రవేత్త నైలాన్ తయారుచేశాడు. కెమిస్ట్రీ మిత్రులు పాలిమర్ల పాఠంలో ఆయన పేరు చదివే ఉంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో నైలాన్ పారాచూట్లకు, సైనికుల తాళ్లకు పోయింది. యుద్ధం అయ్యాక మిగిలిన సరుకు చౌకగా బజారుకు వచ్చింది. ఆ కాలంలోనే అమెరికాలో రిచర్డ్ లెనార్డ్, ఆర్నాల్డ్ వెక్స్‌లర్ అనేవారు, పడేవాణ్ణి ఆపటంలో ఎంత బలం పుడుతుందో లెక్కగట్టి 1946లో ప్రకటించారు. 1953లో జర్మనీలోని ఎడెల్‌రిడ్ కంపెనీ, లోపల బరువు మోసే పోగులు, పైన వాటిని కాపాడే అల్లిక తొడుగు ఉన్న తాడును తెచ్చింది. ఈనాటికీ కొండలెక్కే తాడు అదే మాదిరిది.

తాడు గెలిచింది. చిత్రమేమంటే, తాడు గెలిచాకే అసలు చిక్కు బయటపడింది. తాడు తెగటం లేదు, మనిషి తాడుకే వేలాడుతున్నాడు, అయినా చనిపోతున్నాడు.

దీనికి భయంకరమైన ఉదాహరణ అంతకు ముందే కనబడింది. 1936 జూలైలో స్విట్జర్లాండ్‌లోని ఐగర్ పర్వతం ఉత్తర ముఖం మీద నలుగురు యువకులు చిక్కుకున్నారు. వారిలో హింటర్‌స్టాయిసర్ పడి పోయాడు. ఆంగెరర్ కూడా పడి మరణించాడు. పైనుంచి వారిని పట్టి ఉన్న రైనర్‌ను ఆ తాడే గోడకు లాగి నొక్కేసింది, ఊపిరాడక నిమిషాల్లో చనిపోయాడని కథనం. మిగిలిన టోనీ కుర్ట్స్ ఒక్కడే రాత్రంతా మంచులో వేలాడి, మరునాడు రక్షకులకు దాదాపు అందేంత దూరం దిగివచ్చాడు. అక్కడ రెండు తాళ్లను కలిపిన ముడి ఇనుప కొక్కెంలో ఇరుక్కుంది. దాన్ని దాటించే శక్తి లేక వారి కళ్లముందే ప్రాణం విడిచాడు.

నడుముకు మాత్రమే కట్టుకున్న మనిషి గోడకు ఆనకుండా గాలిలో వేలాడితే ఏమవుతుంది? మొదట తాడు నడుం మీద నిలవదు, పక్కటెముకల కిందకు జరుగుతుంది. అక్కడ డయాఫ్రమ్ అనే కండర పొర ఉన్నది, మనం ఊపిరి పీల్చేది దానివల్లనే. మొత్తం శరీరపు బరువు వేలెడు మందం తాడు మీద, ఆ తాడు ఆ పొర మీద. కొద్ది నిమిషాల్లో ఊపిరి అందదు. అతను పైకి ఎక్కలేడు, కిందవాడు దింపలేకపోతే అంతే సంగతులు. బరువును వైశాల్యంతో భాగిస్తే పీడనం అని మనం ఇంటర్‌లో బట్టీపట్టిన సూత్రం, ఇక్కడ బతుకుకూ చావుకూ మధ్య గీత అయింది.

దీనికి మందు ఎక్కడుందో కొందరికి ముందే లీలగా తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు హాన్స్ డ్యూల్ఫర్ అనే జర్మన్ ఆరోహకుడి పేరుమీద ఒక దిగుడు పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తాడును కాళ్ల మధ్యనుంచి తీసి, ఒక తొడ చుట్టూ తిప్పి, ఛాతీ మీదుగా ఎదుటి భుజం మీద వేసుకుని, ఒరిపిడితో మెల్లగా జారటం. చర్మం కాలేది, బట్టలు చిరిగేవి, కానీ బరువంతా తొడమీద పడేది, ఊపిరికి అడ్డం వచ్చేది కాదు. మనిషి శరీరంలో బరువు మోయటానికే ఉన్న భాగాలు తొడలు, కటి ఎముక. ఈ సంగతి దిగేటప్పుడు అందరికీ తెలుసు. ఎక్కేటప్పుడు మాత్రం, ఎందుకో, ఇంకో యాభై ఏళ్లదాకా నడుమే గతి అనుకున్నారు. అలవాటు అంత గట్టిది.

ఈలోగా తలొక దేశం తలొక దారి పట్టింది. జర్మనీ, ఆస్ట్రియా వైపు ఛాతీ పటకా వచ్చింది, చంకల కిందుగా చుట్టి ముందు ముడివేసేది. దీనిలో ఒక మంచి గుణం ఉన్నది: పడినవాడు తలకిందులు కాడు. శరీర గరిమనాభి బొడ్డు ప్రాంతంలో ఉంటుంది. తాడు దానికి పైన పట్టుకుంటే మనిషి నిటారుగా ఉంటాడు, కింద పట్టుకుంటే తిరగబడతాడు. అయితే ఒట్టి ఛాతీకే వేలాడితే చేతులు మొద్దుబారిపోయి, ఊపిరి మళ్లీ మొదటికే వస్తుంది. కనుక తర్వాత దానికి కింద తొడల పట్టీలు కలిపి నిండు హార్నెస్ చేశారు. కటి ఇంకా సన్నగా ఉండే చిన్నపిల్లలకు, వీపుమీద పెద్ద మూట మోసేవారికి ఈనాటికీ అదే మేలు అంటారు.

అమెరికాలో యోసెమిటీ లోయ వారు మరో ఉపాయం పన్నారు. తాడుకు బదులు రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీని నడుం చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి ముడివేసి, దానికి తాడు కట్టేవారు. వైశాల్యం పెరిగింది గనుక పీడనం తగ్గింది. దీనికి వారు పెట్టుకున్న పేరు వినండి, "స్వామి బెల్టు"! మన స్వాములు ఎవరూ దాన్ని కట్టుకున్న దాఖలా నాకు కనబడలేదు. పడినప్పుడు దెబ్బ తగ్గినా, వేలాడితే ఇదీ నడుమే కాబట్టి పాత చిక్కు పోలేదు. కొందరు తొడలకు విడిగా ఉచ్చులు కుట్టుకుని దానికి తగిలించేవారు.

అసలు మలుపు ఇంగ్లండులో వచ్చింది. అక్కడ 1960లలో కొందరు సైన్యం అమ్మేసిన పాత పటకాలు, పారాచూట్ హార్నెస్‌లు తెచ్చి కొండలమీద ప్రయత్నించారు. పారాచూట్ దళాలవారికి ఈ ప్రశ్న ముందే ఎదురైంది కదా, ఆకాశంలోంచి దూకినవాణ్ణి గొడుగు ఒక్కసారి లాగితే ఆ కుదుపు తొడలమీద పడేలా వారి పట్టీలు ఉండేవి. 1965లో టోనీ హవర్డ్ మొదలైనవారు నార్వేలోని ట్రోల్ వాల్ అనే మహా శిలను ఎక్కి వచ్చారు. ఆ పేరుతోనే ఆయన, మిత్రులు కలిసి ట్రోల్ అనే చిన్న కంపెనీ పెట్టి ఆరోహకుల పట్టీలు కుట్టి అమ్మసాగారు. 1970లో క్రిస్ బానింగ్టన్ నాయకత్వంలో ఒక బ్రిటిష్ బృందం నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాన్ని దక్షిణ ముఖం మీదుగా ఎక్కడానికి బయలుదేరింది. అది సుమారు మూడు వేల మీటర్ల ఎత్తు గోడ. రోజుల తరబడి తాళ్లకు వేలాడుతూ పనిచేయాలి. పాత నడుం తాడుతో అది జరిగే పని కాదు.

ఆ బృందంలో డాన్ విలన్స్ అనే ఆయన ఉన్నాడు. వృత్తికి ప్లంబర్, మాట కరుకు, చెయ్యి నేర్పరి. అతని ఆలోచనతో ట్రోల్ వారు ఒక కూర్చునే హార్నెస్ తయారుచేశారు. వెడల్పాటి నడుం పటకా, రెండు తొడలకు ఉచ్చులు, వాటిని కలుపుతూ కాళ్ల మధ్యనుంచి పైకి వచ్చే ఒక పట్టీ. మనిషి వేలాడినా కుర్చీలో కూర్చున్నట్టు ఉండాలన్నది ఊహ. 1970 మే 27న విలన్స్, డూగల్ హాస్టన్ అన్నపూర్ణ శిఖరం చేరారు. మూడు రోజులకు, దిగిపోయే వేళ, అదే బృందంలోని ఇయన్ క్లఫ్ మంచుపెళ్లలు విరిగిపడి మరణించాడు. దానిని ఏ హార్నెస్సూ ఆపలేదు.

విలన్స్ హార్నెస్ తర్వాత బజారులోకి వచ్చి చాలామంది నడుములకు ఎక్కింది. ఊపిరి చిక్కు తీరింది. కానీ కాళ్ల మధ్య పట్టీ ఒకటి ఉన్నదని చెప్పాను కదా, దానిమీద పడ్డ మగవారు ఏమన్నారో కళాశాల సంచికలో రాయటం బాగుండదు. ఆ ఫిర్యాదులకు జవాబు 1979లో ట్రోల్ వారి మార్క్ 5 నమూనాలో వచ్చింది. మధ్య పట్టీ పోయింది. తొడల ఉచ్చులు రెంటినీ ముందువైపు కలిపి, వాటినీ నడుం పటకానూ ఒక గట్టి నైలాన్ ఉంగరంతో జోడించారు. పడినప్పుడు బరువు మొదట తొడలమీద, తర్వాత కటిమీద పంచుకుపోతుంది. ఈనాడు దుకాణంలో ఏ హార్నెస్ చూసినా ఎముకల గూడు ఇదే. తరువాతి నలభై ఏళ్లలో మెత్తటి అస్తరు, తేలిక బకిల్సు, సామాను తగిలించుకునే కొక్కేలు చేరాయి, కానీ బరువు పడే చోటు మారలేదు.

ఇక కొలతల సంగతి. మనిషి శరీరం, మంచి పట్టీలు ఉంటే, తన బరువుకు పదిహేను రెట్ల కుదుపును క్షణకాలం తట్టుకోగలదని పారాచూట్ దళాల అనుభవం. 80 కిలోలకు అది సుమారు 12 కిలోన్యూటన్లు. అందుకే అంతర్జాతీయ పర్వతారోహణ సంఘాల సమాఖ్య, పరీక్షలో తొలి పతనానికి ఏ తాడూ అంతకు మించిన బలం చూపరాదని నియమం పెట్టింది. హార్నెస్ 15 కిలోన్యూటన్లు మోయాలి. అంటే తాడు మనిషికి ఇవ్వగలిగిన గట్టి దెబ్బకన్నా హార్నెస్ కొంత గట్టిగానే ఉంటుంది.

అయితే ఇది కొత్త సరుకు మాట. 2006 అక్టోబరు 23న టాడ్ స్కిన్నర్ అనే ప్రసిద్ధ అమెరికన్ ఆరోహకుడు యోసెమిటీలో గోడమీదనుంచి దిగుతుండగా, హార్నెస్ ముందరి ఉంగరం తెగి సుమారు 500 అడుగులు పడి మరణించాడు. ఆ ఉంగరం వాడి వాడి అరిగిపోయి ఉన్నది. నైలాన్‌కు ఎండ పడదు, ఆమ్లం అసలే పడదు. ట్రాక్టరు బ్యాటరీ పక్కన పెట్టిన పటకా పైకి బాగానే కనబడి, లోపల చచ్చి ఉండవచ్చును. ఒరిపిడి వేడికి కరుగుతుంది కూడా, కాబట్టి పరుగెత్తే తాడును నేరుగా నైలాన్ పట్టీలోంచి పోనివ్వకూడదు. ఇవన్నీ సరిగా ఉన్నా మనిషి మరపు ఒకటుంటుంది. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ దగ్గర, ప్రపంచంలో మేటి అనిపించుకున్న లిన్ హిల్ తాడును హార్నెస్‌లో దూర్చి, ముడి పూర్తిచేయటం మరిచి, పైకి ఎక్కేసింది. దిగటానికి తాడుమీద ఆనగానే డెబ్బై అడుగులకు పైగా పడింది. దారిలో చెట్టుకొమ్మలు అడ్డుపడి బతికింది. నాలుగేళ్లకు ఎల్ కాపిటాన్ శిలమీది నోజ్ మార్గాన్ని, చేతులు కాళ్లు తప్ప మరో ఊతం లేకుండా ఎక్కిన మొదటి మనిషి ఆమే.

మరొక సంగతి వైద్యులు చెబుతారు. ఎంత మంచి హార్నెస్‌లోనైనా స్పృహ తప్పి కదలకుండా వేలాడితే, కాళ్లలోకి దిగిన రక్తం పైకి రాదు. కాళ్ల కండరాలు కదిలితేనే అది గుండెకు చేరుతుంది. ఊపిరి ఆడుతున్నా మనిషి పోవచ్చును. కనుక వేలాడేవాణ్ణి వీలైనంత త్వరగా దింపాలి, అంతవరకు స్పృహ ఉంటే కాళ్లు ఆడిస్తూ ఉండమనాలి.

మన దగ్గర ఇవన్నీ ఎవరికి కావాలి అనే మిత్రులకు రెండు మాటలు. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్‌కుమార్ మొదటి పాఠాలు నేర్చింది భువనగిరి కోట బండమీదనే. ఇక రెండవది, ఎవరెస్టు జోలికి పోకుండానే రోజుకు రెండుపూటలా ప్రాణాలకు తెగించి ఎక్కేవారి సంగతి. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు చెట్టునూ తన నడుమునూ కలిపి మోకు చుట్టుకుంటాడు. పట్టు తప్పితే కిందపడటం, లేదా మోకులో ఇరుక్కుని నడుముకే తలకిందులుగా వేలాడటం. తెలంగాణ పత్రికల్లో ఈ వార్త ఏటా వస్తుంది. చదివినప్పుడల్లా నాకు ఆల్ప్స్‌లోని నడుం తాడే గుర్తొస్తుంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వీరికి రక్షణ కిట్లు ఇవ్వటం మొదలుపెట్టింది.

నేను ఒక శిబిరం నుంచి అడిగి తెచ్చుకున్న హార్నెస్‌ను సెలవుల్లో మా ఊళ్లో ఒక గీత కార్మికుడికి చూపించాను. వరసకు మామా అని పిలుస్తాను. ఆయన తొడుక్కుని, మా వేపచెట్టు కొమ్మకు తగిలించుకుని, రెండు కాళ్లూ నేల వదిలి చూశాడు.

"గిది మంచిగున్నదిరా అల్లుడా, కూసున్నట్టే ఉన్నది. నడుముకైతే పట్టుతలేదు" అన్నాడు.

తర్వాత దించుకుని, కుట్లన్నీ ఒక్కొక్కటే గోటితో గీకి చూస్తూ, ఇది ఎన్నేళ్లు వస్తుందని అడిగాడు. వాడకపోయినా పదేళ్లకు మించి ఉంచుకోవద్దని, గట్టిగా పడిన తర్వాత ఒక్కరోజు కూడా వాడవద్దని తయారుచేసేవారు చెబుతారన్నాను. ఆయన తల ఊపి, తన మోకు తెచ్చి, చెట్టుకు ఒరుసుకునే చోట పేటలు ఎలా విప్పి చూడాలో నాకు చూపించాడు.